లింగమూర్తి బావ మోకాలు

మా లింగమూర్తి బావ ఒంట్లె నొప్పి లేని జాగ లేదు. ఉన్న నొప్పి గూడ ఒక్కకాడ నిలవదు. పొద్దున చెవుల మొదలైతే పగటికి నడుములకు దిగుతది, పొద్దుగూకేవరకు అరికాళ్లకు చేరుతది. మా కొత్తవాడల ఎవ్వరూ ఆయనను "ఎట్లున్నవ్?" అని అడగరు. అడిగితే చెప్తడు. తల కాన్నుంచి కాలి గోరు దాక అన్నీ చెప్పి, ఆఖరుకు "మిగిలిందంత మంచిగనే ఉన్నది తమ్మీ" అంటడు. మిగిలిందేందో మాకు ఇప్పటికీ తెల్వది.

నా పేరు మార్కండేయులు. నేల మీద పరిచే శత్రంజీలు నేస్త. బావ మా పెద్దనాయిన బిడ్డ సరోజనక్క పెనిమిటి. నాకంటె పన్నెండేండ్లు పెద్ద. ఇద్దరివి పక్కపక్క మగ్గాలు. ఆయన మూలిగితే వాడ మొత్తంల మొదలు నా చెవులనే పడ్తది.

సొసైటీల నూలు ఇచ్చే రోజు లైన్ల నిలవడితే, గంట తిరగకముందే "కండ్లు తిరుగుతానయ్" అని నేల మీద కూలవడేటోడు. ఆయన ఒక్కడు కూసుంటే అయిపోయేది. ముందటోణ్ని, ఎనకటోణ్ని గూడ గుంజి కూసోవెట్టేది.

"నేనెందుకు కూసోవాలె బావా? నాకేం తిరుగుతలేవు గద."

"నువ్వు నిలవడి ఊగుతానవ్. నిన్ను చూస్తే నాకు ఇంక జోరుగ తిరుగుతానయ్. కూసో."

గిట్లాంటి మనిషి మీద ఎవలకన్న నవ్వొస్తది. నాకు మాత్రం అయిదేండ్లు నవ్వు రాలే. ఆయన పేరు వింటెనే నోరు చేదయ్యేది. దానికి కారణం ఒక గుట్ట.

ఎనభై ఒకటిల సంగతి. మా దోస్తు శ్రీనివాస్ ఇంజనీరింగ్ కాలేజీల అటెండరు. అక్కడి పిలగాండ్లు శని ఆదివారాలు సంచులు వీపుకేసుకొని గుట్టలకు పోవుడు, డేరా ఏసుకొని పండుడు, పొద్దున్నే సూర్యుణ్ని చూసి వాపస్ వచ్చుడు, ఇవన్నీ చూసి చూసి వానికి ఆశ పుట్టింది.

"దాన్ని కాంపింగ్ అంటరే మార్కండీ. మనం గూడ పోదాం."

నాకు ఆ మాట గుండెల గుచ్చుకున్నది. నాది గుంట మగ్గం. పద్దెనిమిదేండ్లు నడుము దాక భూమిల కూసొని నేసిన. రోడ్డు మీద పోయేటోళ్ల చెప్పులు చూసి మనుషులను గుర్తువట్టే బతుకు. పుట్టిన కాన్నుంచి ఒక్కసారి గూడ ఎత్తుమీద నిలవడి కిందికి చూసింది లేదు. ఆ ఏడు సరుకు గూడ కదల్లే. నేసినయి నేసినట్టే ఇంట్ల మడతలు పడి ఉన్నయ్. బతుకుల ఇంకేం కాకున్నా సరే, ఒక్క గుట్ట ఎక్కి అందరి నెత్తులు పైకెల్లి చూడాలె అనుకున్న.

ఆదివారం, దాని ఎనక సోమవారం అమాస కలిసొచ్చినయ్. అమాసనాడు మేము మగ్గం ముట్టం. రెండు రోజులు సెలవు దొరికినట్టే. నలుగురం మోపైనం. నేను, శ్రీనివాస్, మొండయ్య, బావ. మొండయ్య మా తాలీంల కుస్తీలు నేర్పే ఉస్తాదు. సొసైటీల వెడల్పు శత్రంజీలు నేసే పెద్ద మగ్గం మీద కూసునేది ఆయనే. ఆ మగ్గం గుంజాలంటే ఎద్దు బలం కావాలె.

డేరా మా దగ్గర ఎక్కడిది? అమ్ముడుపోని శత్రంజీలు రెండు కలిపి కుట్టినం. అది డేరా అయితే అయింది గని లేపుతే లేవది. మొండయ్య ఒక్కడే నెత్తికెత్తుకొని "దీనికేనా ఇంత ఆగం?" అన్నడు. బియ్యం, గిన్నెలు శ్రీనివాస్ పట్టిండు. రాత్రి వండుకుందామని బతికిన కోడిని కాళ్లు కట్టి నా సంకకు ఇచ్చిన్రు. బావ మాత్రం ఒక సీసల తైలం పట్టుకొచ్చిండు.

బస్సు హన్మకొండ దాటకముందే షురూ చేసిండు.

"కిటికీ గాలికి చెవి పోయింది."

"కిటికీ మూసినం గద బావా."

"గిప్పుడు ఊపిరి పోతాంది."

పరకాల దాటి రేగొండల దిగి, పొలాలకెల్లి నడిచి, పొద్దు ఎక్కేవరకు గుట్ట కిందికి చేరినం. నిట్టనిలువు బండలు. చూస్తాంటెనే నా ఒళ్లు పులకరించింది. కింద కట్టయ్య అనే రైతు ఎడ్లబండి ఇడిసి సద్ది తింటాండు. ఆయనను తొవ్వ అడిగి ఎక్కుడు మొదలువెట్టినం.

సగం మీదికి ఎక్కినం. ఇంకొక్క మలుపు తిరిగితే పైనున్న చదును జాగ కనవడ్తది. నేను ముందు, నా ఎనక శ్రీనివాస్, వాని ఎనక డేరాతోటి మొండయ్య, అందరికంటె ఎనక బావ. గప్పుడే ఒక పొలికేక.

"సచ్చిన్నయ్యో! నా మోకాలు!"

తిరిగి చూస్తే బావ బండ మీద బోర్లవడి మోకాలు పట్టుకున్నడు.

"లే బావా. ఒక్క మలుపు. అగో, కనవడ్తనే ఉన్నది."

"నాకు కనవడ్తలేదు. కండ్లు గూడ పోయినయ్ కావచ్చు."

"నిన్న కుడి మోకాలన్నవ్. ఇప్పుడు ఎడమది పట్టుకున్నవ్."

"నొప్పి మారిందిరా. దానికి నిలకడ ఎక్కడిది?"

నాకు మండింది. "నువ్వు ఈడనే కూసో. మేము పోయి చూసొస్తం," అన్న.

బావ నా కాలు పట్టుకున్నడు. ఉత్తగ కాదు, రెండు చేతులతోటి. "మీరు కదిలితే నేను సచ్చిపోత. మీ అక్క ముండమోస్తది. మొండీ, ఆ బరువు కింద పారేయ్! ఈడికొచ్చి కూసో. నా తల నీ ఒళ్లె పెట్టుకో. కదలకు. గట్టిగ మాట్లాడకు, నాకు మోకాలు అదురుతాంది."

మొండయ్య డేరా దించి కూసున్నడు. ఆయన తల ఒంచుకుంటే, బావను చూసి బుగులువడ్డడు కావచ్చు అనుకున్న.

పావుగంట బావ అట్లనే పండుకున్నడు. లేసి "ఇగ ఇంటికే" అన్నడు. దిగేటప్పుడు ఇంకో హుకుం. "నా చెయ్యి మొండయ్యనే పట్టుకోవాలె. మీరు పట్టుకుంటె గుంజుతరు. డేరా మార్కండిగాడు మోస్తడు."

నెత్తి మీద రెండు శత్రంజీలు, సంకల కోడి. గుట్ట ఎక్కుదామని వచ్చినోణ్ని కూలోని లెక్క దిగిన. మెడ నరాలు తెగినట్టయింది. కోడి నా మొఖంల మొఖం పెట్టి అరుస్తాంది.

కింద కట్టయ్య కాళ్లావేళ్లా పడి బండి కట్టిచ్చిండు బావ. తను పండుకున్నడు, మొండయ్యను గూడ పక్కకు పండుకోమన్నడు.

"ఆయనెందుకు పండుకోవాలె?" అన్నడు శ్రీనివాస్.

"నాకు చలి పుడ్తాంది. పక్కకు మనిషి ఉండాలె."

మిట్టమద్యాన్నం ఎండల చలి! నేను, శ్రీనివాస్ బండి ఎనక దుమ్ము మింగుకుంట నడిచినం. తొవ్వల చిన్న సర్కారు దవాఖాన కనవడంగనే బండి ఆపిచ్చిండు. మొండయ్య భుజం మీద చెయ్యేసుకొని కుంటుకుంట లోపలికి పోయిండు. కోడి ఉన్నదని నన్ను లోపలికి రానియ్యలే. శ్రీనివాస్ అలిగి రానన్నడు. గంటసేపటికి బయటికొచ్చి "డాక్టరు గోలీలు ఇచ్చిండు, రెస్టు తీసుకోమన్నడు" అన్నడు బావ.

చీకటి పడకముందే వరంగల్ బస్టాండుల దిగినం. కాంపింగ్ అట్ల అయిపోయింది.

మంగళవారం పొద్దున చూస్తే, సచ్చిపోతనన్న మనిషి నిచ్చెన ఏసుకొని ఇంటి మీద గూనపెంకలు సదురుతాండు!

గప్పుడు వట్టిన నేను పగ. కనవడ్డోనికల్ల చెప్పిన. 'మోకాలు లింగమూర్తి' అని పేరు వెట్టింది నేనే. నెల తిరగకముందే వాడంత అదే పేరు. పెండ్లిళ్లల్ల బంతికి కూసుంటే "మోకాలుకు పప్పు ఏయుండ్రి" అనేటోళ్లు. ఆయన కోపం చేస్తడేమో అని చూసేది నేను. చెయ్యలే. "అవును బిడ్డా, ఇప్పటికి సలుపుతనే ఉన్నది" అని మోకాలు రాసుకునేటోడు. శ్రీనివాస్ ఏడాది మాట్లాడలే. తర్వాతేడు మేము యాదగిరిగుట్టకు పోయినప్పుడు "ఆయనకు చెప్పొద్దు" అని అందరి నోళ్లు మూయించిన. పొద్దున్నే సంచులు పట్టుకొని పోతాంటే బావ అరుగు మీద కూసొని ఉన్నడు. అడగలే. "పైలంగ పోయి రాండ్రి" అన్నడు. నేను ఇనవడనట్టు పోయిన. ఆ నడక తల్సుకుంటే ఇప్పుడు నా మీద నాకే చీదర వుడ్తది.

ఎనభై ఆరుల నా పెండ్లాం అనసూర్యకు కండ్లు చూపిద్దామని వరంగల్ పెద్ద దవాఖానకు తీస్కపోయిన. ఆమెను కండ్ల డాక్టరుకాడ కూసోవెట్టి చాయ్ కోసమని బయటికొస్తాంటే, ఇంకో రూము ముందట బల్ల మీద బావ. పక్కకు మొండయ్య. బావ మూలుగుతాండు.

నా నాలుక దురద ఊకుంటదా? "ఏం బావా, ఇయ్యాల ఏది పోయింది? మోకాలా, మెడా?"

"రెండు పోయినయ్ తమ్మీ," అన్నడు.

గప్పుడే నర్సమ్మ తలుపు తీసి పిలిచింది. "మొండయ్య!"

లేసి లోపలికి పోయింది మొండయ్య. బావ మూలుగుకుంట బల్ల మీదనే ఉన్నడు.

నర్సమ్మ బావ దిక్కు మళ్లి చూసి, "అయిదేండ్ల సంది చూస్తాన. ఆయనకు నొప్పైతే నువ్వెందుకయ్య మూలుగుతవ్? నీకు చీటే లేదాయె," అన్నది.

బావ మూలుగు టక్కున బందయింది. ఆ రూము మీద 'గుండె జబ్బులు' అని రాసి ఉన్నది. నేను చదివిన. చాయ్ సంగతే మర్చిపోయిన.

బయటికొచ్చినంక మొండయ్యనే చెప్పిండు. "ఆ రోజు గుట్ట మీద ఎడమ చెయ్యి గుంజింది మార్కండీ. చాతీ మీద బండ పెట్టినట్టయింది. సచ్చినా చెప్పొద్దనుకున్న. ఉస్తాదును గద! మీ బావ ఎనకకెల్లి నా మెడ చూసిండట, చెమటతోటి కారిపోతాందట. ఇగ బోర్లవడ్డడు. దవాఖానల డాక్టరు పట్టింది ఆయన మోకాలు కాదు, నా నాడి."

"అయిదేండ్లు! ఒక్కమాట నాకు చెప్పద్దా?"

"చెప్తే పెద్ద మగ్గం మీద నన్ను కూసోనిస్తరా? గుండె జబ్బోడని గుంజుకోరా? నేనే ఒట్టు పెట్టిచ్చుకున్న. మెల్లగ నేసుకుంటాన, గోలీలు మింగుతాన. నువ్వు ఆయనను ఆ పేరుతోటి పిలిచినప్పుడల్ల నీ చెంప పగులగొట్టబుద్దయ్యేది. కొడితే ఎందుకు కొట్టిన్నో చెప్పాలె. నీకు మంచిగనే అయింది, నాకే ఉరి అయింది."

బావ కల్పించుకున్నడు. "గా ముచ్చట్లు పెట్టకున్రి. నాకు తల పగులుతాంది."

ఆ రోజు సీదా సరోజనక్క దగ్గరికి పోయిన. నా మొఖం చూసే ఆమెకు సమజైంది.

"పెండ్లైన కాన్నుంచి ఆయనకు జరం గూడ రాలే తమ్మీ," అన్నది. "నాకు వంటింట్ల కాళ్లు గుంజినప్పుడల్ల ఆయనకు నడుము నొస్తది. 'జర రాయే, ఒచ్చి పక్కకు కూసో' అంటడు. మొదట్ల నాకు గూడ తిక్క లేసేది."

అప్పటి సంది ఆయన రోగాలన్నీ యాది చేసుకొని ఒక్కోదానికి ఒక్కో మనిషిని వెతికిన. నూలు లైన్ల కండ్లు తిరిగిన నాడు ఎనక ముసలి పోశవ్వ ఉండె. ఆ కండ్లు తిరుగుడు ఆమె లెక్కల పడ్తది. కొన్ని మాత్రం ఎవ్వల లెక్కలా పడలే. బస్సుల చెవి నొప్పి ఎవని కోసమో ఎంత ఆలోచించినా తట్టలే. అది నిజంగనే చెవి నొప్పి కావచ్చు.

మాఫీ అడుగుదామని నాలుగుసార్లు పోయిన. నోరు తెరవంగనే పంటి నొప్పి అని దవడ పట్టుకునేది. ఆఖరుకు ఇడిసిపెట్టిన. వాడల పేరు మాత్రం పోలే. నేను పెట్టిన పేరు నేను తీద్దామంటే తీయరాలే. ఇప్పటికి పిలగాండ్లు 'మోకాలు తాత' అనే అంటరు.

మొన్న వర్ధన్నపేట అవతల ఒక పెండ్లికి పోయినం. నేను, మొండయ్య, బావ. బస్సు దిగి ఊర్లెకు రెండు మైళ్లు నడవాలె. సగం పోయినంక తొవ్వ పక్కకు కల్వర్టు గోడ కనవడంగనే బావ నడుము పట్టుకున్నడు.

"పోయింది. ఇగ ఒక్క అడుగు ఎయ్య."

నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు మర్మం తెలిసినోణ్ని గద. మొండయ్య దిక్కు చూసిన. గోలీలు టైముకు మింగి, శెనక్కాయలు నములుకుంట, మెడ మీద చెమట సుక్క లేకుంట నిలవడ్డడు. ముందట చూసిన, ఎనక చూసిన. తొవ్వంత ఖాళీ. ఒక్క మనిషి లేడు.

"బావా, ఎవలకోసమే?" అని చెవుల అడిగిన.

బావ తువ్వాలతోటి గోడ మీద దుమ్ము దులిపి, పక్కకు జరిగి ఇంకొక్కలకు జాగ చేసిండు.

గప్పుడు ఇనవడ్డది. సన్నగ ఈల ఏసినట్టు సప్పుడు. బస్సు దిగిన కాన్నుంచి ఇనవడ్తనే ఉన్నది. తాటాకుల గాలి అనుకున్న. చుట్టూ ఒక్క తాటిచెట్టు గూడ లేదు. ఇరవై ఐదేండ్లు మింగిన నూలు దుమ్ము నా చాతిల పలుకుతాంది.

పోయి ఆయన పక్కకు కూసున్న.

"ఇంకెంతసేపు?" అన్నడు మొండయ్య, పొట్టు ఊదుకుంట. "లగ్గం అయిపోతది."

"జర ఆగు మొండీ," అన్నడు బావ, నా మొఖం దిక్కు చూస్కుంట. "నా నడుము తగ్గెతందుకు ఇంకో రెండు మూడు నిమిషాలు పట్టేటట్టున్నది."