గోడలో సిరిల్ గ్విలియం

మేవిస్ గ్విలియం తన మొగుడు సిరిల్‌ని వంటింటి గోడలో పెట్టి పూడ్చేసింది. మట్టి మెత్తింది నేనే కాబట్టి నా మాట నమ్మండి. బడి నన్ను భరించలేక వదిలేసింది గానీ, పేడా మట్టీ గడ్డీ కలిపి తొక్కడంలో హెర్ఫర్డ్ జిల్లా మొత్తంలో నా కాలికి సాటి కాలు లేదు. నేను మెత్తిన గోడకు తుపాకి గుండు తగిలితే గుండే క్షమాపణ చెప్పుకుని పోతుంది.

మేవిస్ ఇల్లు రెండు గదులది. నల్లటి ఓక్ దూలాల చట్రం, మధ్యలో తడికలు, వాటిమీద మట్టి. నాలుగు వందల ఏళ్ళుగా ఓ పక్కకు ఒరిగి, ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గినట్టు ఉంటుంది. పిలిచేవాళ్ళే లేరు. పిల్లలు లేరు. సిరిల్ పోయి మూడు శీతాకాలాలు.

పొయ్యి పక్క గోడ ఉబ్బిందని నన్ను పిలిచింది. పాత మట్టి రాలుస్తుంటే తడిక వెనక పసిపిల్ల తోలుబూటు ఒకటి బయటపడింది. ఇంట్లోకి చెడు రాకుండా ఆ ఇంటివాళ్ళు తొడుక్కుని అరగదీసిన బూటు గోడలో పెట్టి మూయడం మావాళ్ళ పద్ధతి. పట్నం మ్యూజియం ఆయన విని, పరుగున వచ్చి అడిగాడు. మేవిస్ మొహమాటపడి ఇచ్చేసింది. ఆయన కారు మలుపు తిరిగాక తెల్లబోయింది.

“ఒరేయ్ టెడ్, గోడ ఖాళీ అయిపోయింది కదరా! ఈ ఇంట్లో ఇక ఎలా పడుకోను?”

“నా బూటు పెట్టు ఆంటీ. దాని కంపుకి దయ్యాలు పక్క దేశం వేల్స్ కూడా దాటిపోతాయి.”

“నువ్వేమైనా ఈ ఇంటివాడివా? టీ తాగిపోయేవాడివి.”

ఆమెకున్నది ఒకే జత, అది కాళ్ళకుంది. ఇక మిగిలినవి తలుపు దగ్గర సిరిల్ పొలం బూట్లు. ఆదివారం ఆదివారం పాలిష్ పట్టి, ఆయన వచ్చి తొడుక్కుని వెళ్ళేలా మూతులు బయటికి తిప్పి పెడుతుంది.

నేను కలిపిన మట్టి బిగుసుకుపోతోంది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. చివరికి ఒక బూటు చేతిలోకి తీసుకుంది. లేసు విప్పి, మళ్ళీ ముడేసింది. తడిక వెనక పెట్టి, చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు.

“కప్పెయ్యి. నా వైపు చూడకు.”

కప్పేశాను. రెండోది తలుపు దగ్గర ఒంటరిగా మిగిలింది.

శనివారం పబ్‌లో ఈ కథ ఊరందరికీ చెప్పాను. రోజూ సాయంత్రం మేవిస్ ఆ గోడకు వీపానించి సిరిల్‌తో కబుర్లాడుతోందని, గోడ కూడా ఊఁ కొడుతోందని కాస్త చేర్చాను. మూల బల్ల దగ్గర సైడర్ గ్లాసుతో ఒక్కతే కూచున్న మేవిస్ తల ఎత్తకుండానే అంది:

“కబుర్లేం లేవు. బతికున్నప్పుడే ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. అక్కడ వెచ్చగా ఉంటుంది, కూచుంటాను.”