మంచు బండికి మిరప గ్లౌజులు

మా ఆయన లెక్కలో నేను బండి తోలడానికి పనికిరాను. దీనికంతటికీ కారణం ఒక గేదె.

స్కూటరు కొన్న కొత్తల్లో దర్శి నుంచి మా పొలానికి పోతుంటే ఆ గేదె ఎదురొచ్చింది. అది తప్పుకోలేదు, నేను తప్పుకున్నాను. తప్పుకున్న వైపు ఎవరో మిరపకాయలు ఎండబోసుకున్నారు. బండీ నేనూ కలిసి కాయల్లో పడ్డాం. ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ రోజే స్కూటరు తాళంచెవి మా ఆయన జేబులోకి పోయింది. బడికి పోవాలన్నా, ఆదివారం చర్చికి పోవాలన్నా ఆయన వెనక కూర్చోవాల్సిందే. పిల్లలకు లెక్కలు చెప్పే టీచరమ్మను, నన్ను దించడానికో మనిషి, ఎక్కించుకోవడానికో మనిషి. తాళం అడిగితే, "ఊళ్ళో గేదెలన్నీ పోయాక ఇస్తాలే" అంటారు. ఒళ్ళు మండిపోతుంది.

పోయిన చలికాలం మా చర్చి వాళ్ళం కొంతమందిమి కలిసి, వంటమనిషిని కూడా వెంటబెట్టుకుని కశ్మీరు చూడ్డానికి వెళ్ళాం. అక్కడ మంచు మీద తోలే బండ్లున్నాయి. ముందు రెండు జారుడు చెక్కలు, వెనక గిర్రున తిరిగే రబ్బరు పట్టా, పైన మోటారు సైకిలు సీటు. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది.

"ఏమండీ, దీన్ని నేను తోలతాను."

"నువ్వా? ఇక్కడ మిరపకాయలు లేవనా?"

"గేదెలు లేవని."

మా వాళ్ళంతా పకపకా నవ్వారు. మా ఆయనకు పౌరుషం వచ్చింది. "సరే తోలు. అదిగో, ఆ ఎర్రజెండా చుట్టూ తిరిగి మళ్ళీ ఇక్కడికి రావాలి. నీ వెనక నేను కూర్చుంటా. మధ్యలో బండి ఆగకుండా వచ్చావా, స్కూటరు తాళం నీదే. ఆగిందా, ఇక జన్మలో అడగొద్దు." అందరి ముందూ అన్నారు. సాక్షులు ఉన్నారు కదా అని నేను వెంటనే ఒప్పుకున్నాను.

బండి మనిషి ఎలా తోలాలో చెప్పాడు. కుడి బొటనవేలి దగ్గర చిన్న మీట ఉంటుంది. నొక్కి పట్టుకుంటే బండి పోతుంది, వేలు తీస్తే ఆగుతుంది. గాలికి వేళ్ళు మొద్దుబారితే మీట నొక్కలేరు కాబట్టి లోపల పల్చటి ఉన్నివి, పైన గాలీ నీళ్ళూ దూరని మందపాటివి, రెండు రకాల గ్లౌజులు వేసుకోమన్నాడు. అస్సలు తడవనివ్వొద్దన్నాడు. పక్క కొట్లో అద్దెకు దొరుకుతాయని చూపించాడు కూడా.

"అద్దెకు ఎందుకు, దండగ" అని మా ఆయన సంచి జిప్పు లాగి మా ఇద్దరికీ చెరో జత గ్లౌజులు తీశారు. ఇంటి దగ్గర మిరపకాయలు గోతాలకు ఎత్తేటప్పుడు వేసుకునేవి. మందంగానే ఉన్నాయి.

"ఇవా? కారం ఉండదూ?"

"శుభ్రంగా ఉతికి తెచ్చానే."

ఆయన ఉతకడమంటే బకెట్లో ముంచి తీగ మీద వేయడమని నాకు తెలుసు. తెలిసీ తొడుక్కున్నాను. నా ధ్యాసంతా తాళంచెవి మీదే ఉంది.

బండి కదిలింది. చలిగాలి ముఖాన్ని కోసేస్తోంది గానీ చేతులు మాత్రం వెచ్చగా, హాయిగా ఉన్నాయి. మా ఆయనకు ఎంత ముందుచూపో అని పెళ్ళయ్యాక మొదటిసారి అనుకున్నాను. ఆఖరిసారి కూడా అదే. ముందు చెక్కలు ఎగజిమ్మిన మంచు చేతుల మీద పడి కరిగింది. గ్లౌజులు తడిశాయి. తడవగానే పోయిన పంట కారమంతా నిద్రలేచింది. ముందు చురుక్కుమంది. తర్వాత భగ్గుమంది. చుట్టూ కనుచూపు మేర మంచు, నా చేతులు మాత్రం పొయ్యిలో ఉన్నాయి. వేలు తీశానా, తాళం పోయింది. పళ్ళు బిగించి పదమూడో ఎక్కం పైకి చదవడం మొదలుపెట్టాను.

అంతలో వెనక నుంచి పెద్ద కేక. చలికి ముక్కు కారిందట, గ్లౌజుతో తుడుచుకున్నారట. ఆ చేత్తోనే కళ్ళు కూడా.

"ఆపవే. కళ్ళు పోయినయ్యి."

"ఆపితే తాళం ఇస్తారా?"

వెనక నుంచి మూలుగు. అంత బాధలోనూ మనిషి ఆలోచిస్తున్నారు.

"ఆపితే పందెం పోయినట్టే" అన్నారు చివరికి.

"అయితే ఏడవండి" అన్నాను.

ఆయన గ్లౌజులు పీకి మంచులోకి విసిరేశారు. క్షణంలో చేతులు కొయ్యబారిపోయాయి, వాటిని తెచ్చి నా కోటు జేబుల్లో దూర్చారు. వెనక ఆయన ఏడుపు, ముందు నా ఎక్కం. అలాగే జెండా చుట్టూ తిరిగాం.

వచ్చే దారిలో, నిజంగా చెబుతున్నాను, ఒక గుర్రం అడ్డంగా వచ్చి నిలబడింది. గేదె ముఖమే దానికీ. అది తప్పుకోలేదు. నేనే తప్పుకున్నాను. ఈసారి పక్కన ఎవరి కాయలూ లేవు. బండి ఆగలేదు.

దిగీ దిగగానే గ్లౌజులు లాగేసి మా వంటమనిషి దగ్గరికి పరిగెత్తి, పెరుగు గిన్నెలో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచేశాను.

"అమ్మా, అందరికీ ఉన్న పెరుగు అదేనండి" అన్నాడు పాపం.

"ఇక లేదు" అన్నాను.

మా ఆయన పక్కనే కూలబడి కళ్ళల్లో పాలు పోయించుకున్నారు. ఆ పూట మా గుంపంతా పెరుగు లేకుండా అన్నం తిన్నారు. నాకేసి చూసిన చూపులు నేను మర్చిపోను. అయినా మాట మాటే. ఇంటికొచ్చాక నలుగురూ అడుగుతారని భయపడి, మా ఆయన తాళంచెవి తెచ్చి నా అరచేతిలో పెట్టారు. ముఖం మాత్రం అటు తిప్పుకున్నారు.

మొన్న ఏప్రిల్లో, రోళ్ళు పగిలే ఎండలో, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని చర్చికి బయలుదేరాను. మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో గేదె. పక్కనే ఎర్రగా ఎండబోసిన కాయలు.

"ఏమే, గేదె."

"కనిపిస్తోంది."

ఆయన చేతులు రెండూ వచ్చి నా భుజాలు పట్టుకున్నాయి.

"ఆపవే" అన్నారు.

నేను ఆపలేదు. ఈసారి గేదే తప్పుకుంది.