దవాఖాన పేరు గీకేసిన రోజు

మా తాండూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో నేను తీగ గుచ్చి ఫోన్లు కలిపే బోర్డు మీది ఒక్కో రంధ్రం కింద కాగితం ముక్క అతికించి పేరు రాసుకున్నాను: దవాఖాన, స్టేషన్, నాపరాళ్ల మిల్లు. ఈ రోజు పొద్దున వికారాబాద్ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి వాటన్నిటినీ గోటితో గీకి పారేశాడు. నంబర్లే ఉండాలట. పేర్లుంటే బోర్డు కిరాణా కొట్టులా కనిపిస్తుందట.

గంట తిరగకముందే పెద్దేముల్ నుంచి ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది. "దవాఖానకు కలుపు బిడ్డా, నా కోడలికి నొప్పులొస్తున్నయ్, జీపు కావాలె."

అధికారి నా హెడ్‌సెట్ లాక్కుని "నంబర్ చెప్పు" అన్నాడు.

"నంబర్ నాకేమెరుక సారూ. దవాఖాన అంటే దవాఖాననే గద."

ఆయన హెడ్‌సెట్ మళ్లీ నా చేతిలో పడేశాడు. కంగారులో పక్క రంధ్రంలో తీగ గుచ్చాను. నాపరాళ్ల మిల్లులో ఎవరో ఎత్తారు. రాళ్లు కోసే మోతలో ఆ పెద్దమ్మ జీపు కోసం బతిమాలుతూనే ఉంది. సరైన రంధ్రం వెతికి కలిపి, జీపు బయలుదేరిందని విన్నాకే నా కంగారు తగ్గింది. కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

సాయంత్రం అదే అధికారి వచ్చి "వికారాబాద్‌లో మా ఇల్లు కలపమ్మా" అన్నాడు.

"నంబర్ చెప్పండి సార్."

జేబులన్నీ తడుముకున్నాడు. డైరీ లాడ్జిలో మరిచిపోయాడట. ఆయన తడుముకుంటుండగానే నేను జిగురు సీసా తీసి, దవాఖాన పేరు రాసి మళ్లీ అతికించాను.

మీరే చెప్పండి, మీ ఇంట్లో అమ్మను ఏ నంబరు పెట్టి పిలుస్తారు?