రాయికి చెప్పిన ప్రసంగం

మా పెద్దమ్మ దేవుడికి చెప్పుకున్న ప్రతి మాటా రాయికి కూడా చెప్పేది. ఆ రాయి చర్చి వెనక వాగు ఒడ్డున ఉంది. ఊరంతా క్రీస్తును నమ్ముకోకముందు కొలిచింది దాన్నే. "కొత్త చుట్టం వచ్చాడని పాత చుట్టాన్ని గెంటేస్తామా?" అనేది పెద్దమ్మ.

పంటినొప్పి వస్తే చర్చిలో మోకరించేది. లేచి నేరుగా రాయి దగ్గరికి వెళ్ళి, "ఆయనకి పనెక్కువగా ఉంది, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అనేది. తగ్గితే ఇద్దరికీ ఆమెన్. తగ్గకపోతే ఇద్దరికీ చీవాట్లు.

ఆదివారం మరీ వింత. ఆరాధన అయ్యాక చర్చికి తాళం వేసి, ప్రసంగమంతా రాయికి అప్పజెప్పేది. తను కునుకు తీసిన చోట సొంతంగా కల్పించేది. ఆమె లెక్కన నోవహు ఓడలో మా గేదె కూడా ఎక్కింది.

కొత్త పాస్టరుగారికి ఇది మింగుడు పడలేదు. "రాయితో మాటలైనా మానాలి, తాళంచెవైనా ఇచ్చెయ్యాలమ్మా" అన్నారు ఓ ఆదివారం.

ఇరవై ఏళ్ళుగా ఆ తాళంచెవి ఆమె కొంగునే ఉంది. పెదనాన్న పోయిన వారం కూడా చర్చి తలుపు తీసింది ఆమే. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది.

"ఇవాళ్టి ప్రసంగం చెప్పొచ్చి ఇచ్చేస్తాను అయ్యగారూ" అని వాగు వైపు నడిచింది.

ఆయన తెల్లబోయారు. "తాళంచెవి కంటే రాయి ఎక్కువైందా? పదవయ్యా చూద్దాం" అని పక్కనున్న నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

రాయికి అవతల, మాకు వీపు పెట్టి మా మావయ్య కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మకు తమ్ముడు, ఆ రాయికి ఆఖరి పూజారి. ఊరు మతం మారిన రోజున చర్చి గడప తొక్కననీ, అక్కతో మాట్లాడననీ ఒట్టేసుకున్న మనిషి.

పెద్దమ్మ రాయితో అంటోంది: "ఒక్క గొర్రె తప్పిపోయిందని, కాపరి మిగతా తొంభై తొమ్మిదిటినీ వదిలి దాన్ని వెతుక్కుంటూ పోయాడట."

మావయ్య కూడా రాయితోనే అన్నాడు: "మరి ఆ తొంభై తొమ్మిదిటినీ ఎవరు కాశారో అడుగు."

ప్రసంగంలో సరిగ్గా అక్కడే పెద్దమ్మకు కునుకు పట్టినట్టుంది.

ఇన్నేళ్ళూ ఆమెను చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది. పాస్టరుగారు వెళ్ళి గడ్డిలో కూర్చుని, గొంతు సవరించుకుని, రాయి వైపు తిరిగారు.

"అవి దొడ్డిలో భద్రంగా ఉన్నాయని ఆయనకి చెప్పు. దొడ్డి తాళంచెవి వాళ్ళక్క దగ్గరే ఉంది. ఇక ముందూ అక్కడే ఉంటుంది."