పుట్టుమచ్చ మీద వాత

నాకు భయం ఎక్కువ, దానికి తగినట్ల నోరూ ఎక్కువ. భయమైనప్పుడల్లా గొంతు పెద్దది చేసి అరుస్తా. ఊర్లోవాళ్లు ఆ అరుపులు విని "ఆయమ్మ దేనికీ బెదిరే మనిషి కాదు" అనుకునేవాళ్లు. అసలు సంగతి మా ఆయన ఒక్కనికే తెలుసు. నేను అరిచేకొద్దీ ఆయన నవ్వేవాడు. "ఏమైందిమే, యాల ఇంత బెదిరినావు?" అని అడిగేవాడు.

ఆయన పెద్ద యుద్ధంలో సిపాయి. బర్మా అడవుల్లో తొడలో గుండు దిగింది. దాన్ని తీసి, కుట్లేసి, ఇంటికి పంపించినారు. కుడికాలు రవ్వంత ఈడ్చి నడిచేవాడు. ఆ గాయానికని సర్కారు నెలనెలా పించను ఇచ్చేది. మాది నందవరం పక్కన పల్లె. వాన పడితే జొన్నలు, పడకుంటే దుమ్ము. ఆయన, నేను, మా అత్త, ముగ్గురమూ ఏడాదిలో సగం దినాలు ఆ పించను మీద బతికినోళ్లమే. మాకు బిడ్డలు నిలవలేదు. ఆ కథ ఈడ వద్దు.

పించనుకు ఆయన ఎమ్మిగనూరు దాకా నడిచిపోయి, ఆడ బస్సెక్కి ఆదోనికి పోయేవాడు. ట్రెజరీ తాలూకా కచ్చేరిలో ఉండేది. ఒక ముసలి గుమాస్తా మా ఆయన వాకిట్లో కనపడితేనే "రాప్పా సిపాయీ" అని పిలిచి, వేలిముద్ర వేయించుకొని, దుడ్లు చేతిలో పెట్టి పంపేవాడు. కాగితాల్లో ఏం రాసుందో ఆయన ఎప్పుడూ తెరిచి చూసింది లేదు. మాకు చూసినా తెలీదు, అంతా ఇంగ్లీషు.

అట్లుండంగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అంతవరకు మేం బళ్లారి జిల్లా వాళ్లం, ఇంక కర్నూలు జిల్లా వాళ్లమైనాం. మా ఊరు ఉన్న తావునే ఉంది, మేమూ ఉన్న తావునే ఉన్నాం, కాగితాలు మాత్రం జిల్లా మారినాయి. అవి వచ్చేదాకా పించను లేదన్నారు. ముసలి గుమాస్తా పని చాలించుకొని ఇంటికి పోయినాడు. కోస్తా పక్క సర్కారు జిల్లాల నుంచి కొత్త ఆఫీసరు వచ్చినాడు. ఇంట్లో జొన్నలు అడుగంటినాయి. నా అరుపులు ఎక్కువైనాయి.

సరిగ్గా అప్పుడే మా ఆయనకు కామెర్లు వచ్చినాయి. కండ్లు పసుపుపచ్చ. సంగటి వాసన చూస్తేనే కడుపులో తిప్పేది. ఎమ్మిగనూరులో మగ్గాలోళ్ల వీధిలో వాతలు పెట్టే ముసలామె ఉంది, ఆడికి పోదామని మా అత్త పట్టు పట్టింది.

"బర్మాలో కాల్చింది సాలదని ఈడ కూడా కాలుస్తారా?" అని నేను నోరు చేసుకున్నా.

"నీకేం తెలుసే? మీ మామకు కామెర్లు పోయి కండ్లు తెల్లబడింది ఆయమ్మ చేతనే. నువ్వు నోరు మూసుకొని బండి కట్టించు" అనింది అత్త.

మా ఆయన నా పక్క చూసి కన్ను గీటినాడు. అమ్మ మాట తీసేసే మనిషి కాదు. పోయినాం. ఆ ముసలామె ఎడమ చెయ్యి చాపమనింది. కామెర్లకు ఎడమ చెయ్యే అంట. మోచేతికీ మణికట్టుకూ నడాన ఆయనకు కందిగింజంత నల్లటి పుట్టుమచ్చ ఉండేది. ఆమె బొటనవేలితో దాన్ని తడిమి, "మచ్చ ఉండే తావ చర్మం గట్టిగుంటాది, తట్టుకుంటాడు" అని, ఎర్రగా కాలిన ఇనుప పుల్ల తెచ్చి సరిగ్గా ఆడనే పెట్టింది. నేను మొగం తిప్పుకున్నా. వాసన మాత్రం వచ్చింది. ఆయన పండ్లు బిగబట్టి, అంతా అయినాక "తుపాకి పట్టినోళ్లకు కూడా ఇంత గురి ఉండదమ్మా నీకు" అన్నాడు. ముసలామె మురిసిపోయింది.

వాత మానక ముందే కాగితాలు వచ్చినాయని కబురొచ్చింది. ఆయన ఒక్కడే పోయేంత ఓపిక లేదు. మజ్జిగ సెంబు పట్టుకొని నేనూ బయలుదేరినా. నేను ఆదోని అంతకు ముందు చూసింది తక్కువ. పత్తి మిల్లుల నుంచి దూది నలుసులు ఎగిరొచ్చి చీరకు అంటుకుంటాండాయి. కచ్చేరి గోడ లోపలే సబ్ జైలు. కమ్మీల వెనక ఎవరో కూర్చొని ఉండారు, ముందర తుపాకి పోలీసు. నేను కొంగు తల మీదికి లాక్కున్నా.

కొత్త ఆఫీసరు చిన్న వయసోడే. కండ్లద్దాలు. కాగితాలు ముందరేసుకొని ఒక్కొక్కటీ చదివి, తలెత్తకుండానే "ఎడం చెయ్యి చూపించవయ్యా" అన్నాడు. మా ఆయన చాపినాడు. "ఎడమ ముంజేతి మీద నల్లని పుట్టుమచ్చ అని రాసుంది. ఏదీ?"

నేనూ వంగి చూసినా. మచ్చ ఉండాల్సిన తావ నల్లగా పొక్కు కట్టిన వాత ఉంది, చుట్టూ ఎర్రగా.

"కామెర్లు సార్. వాత పెట్టించినాం" అన్నాడు మా ఆయన.

ఆఫీసరు కండ్లద్దాలు తీసి ఆ చెయ్యి దగ్గరికి లాక్కొని చూసినాడు. "కొత్త ఆఫీసరు వచ్చాడు, కొత్తగా కాగితాలొచ్చాయి. సరిగ్గా ఇప్పుడే, సరిగ్గా ఆ మచ్చ మీదే కాలిందా? ఎంత కలిసొచ్చిందయ్యా నీకు! చచ్చిపోయిన అన్న పేరు చెప్పి పించను తిన్నవాణ్ణి ఇంకో ట్రెజరీలో పట్టుకున్నారు. వాడూ ఇట్లాంటి కబుర్లే చెప్పాడు."

మా ఆయన నిటారుగా నిలబడి తన పల్టను నంబరు చెప్పినాడు. ఆఫీసరు "నంబరు ఎవరైనా బట్టీ పడతారు" అని నా పక్క తిరిగినాడు. "ఏమ్మా, ఇతను నీకేమవుతాడు?"

"మా ఇంటాయన సార్."

"పేరు?"

నా నోరు పడిపోయింది. పెండ్లాం మొగుని పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందని మా అమ్మ చెప్పేది. పెండ్లి అయినప్పటి నుంచి ఒక్కసారన్నా నా నోటితో ఆ పేరు అనలేదు. నేను మా ఆయన పక్క చూస్తాంటే ఆఫీసరు "చూశావా, మొగుడి పేరే తెలియదు" అని బంట్రోతుతో అన్నాడు. "ఈ పక్క ఆడోళ్లు చెప్పరు సార్" అన్నాడు బంట్రోతు పాపం. "ఇక్కడ చెప్పకపోతే పోలీసులకు చెబుతుంది" అన్నాడు ఆఫీసరు.

కిటికీలో నుంచి జైలు కమ్మీలు కనపడతాండాయి. నేను కండ్లు మూసుకొని, అందరూ వినేటట్ల, గట్టిగా ఆ పేరు చెప్పేసినా. భయంతో చెప్పినా కదా, అరిచినట్ల వచ్చింది. మా ఆయన తల దించుకున్నాడు.

పేరు సరిపోయినా ఆఫీసరుకు నమ్మకం కుదరలేదు. మళ్లీ కాగితాలు తిరగేసి, తొడ గాయం ఎట్లుండేదీ, ఎంత పొడవుండేదీ రాసుందని, పెద్దాసుపత్రి డాక్టరు దాన్ని చూసి ఈ మనిషే అని రాసిస్తే పించను, లేకుంటే పోలీసు కేసు అని చెప్పినాడు. మేం దారిలో జారుకోకుండా ఒక పోలీసును తోడు పంపినాడు.

ఆదోని బజారులో ఆయన కాలీడ్చుకుంటా ముందర, పోలీసు పక్కన, నేను వెనక. అంగళ్లలో వాళ్లు బేరాలు ఆపి చూసినారు. "క్యా కియా?" అని, ఏం చేసినాడని ఎవరో తురకంలో అడిగితే పోలీసు ఏదో చెప్పి నవ్వినాడు. నా తల తిరిగిపోయింది. ఆ భయంలో నాకు పాడు ఆలోచన ఒకటి వచ్చింది. పెండ్లయిన కొన్నాళ్లకే యుద్ధానికి పోయిన మనిషి, ఏండ్ల తరబడి కనపడని మనిషి, చిక్కి నల్లబడి వచ్చి వాకిట్లో నిలబడిన రోజు నేనే గుర్తుపట్టలేదు. అత్త ఏడుస్తా కావలించుకుంటే అప్పుడు నమ్మినా.

దగ్గరికి పోయి గుసగుసగా "యో, నిజం సెప్పు. నువ్వు నువ్వేనా?" అని అడిగినా.

ఆయన నడిచేది ఆపి నన్ను చూసినాడు. నవ్వలేక నవ్వు. "నేను కాకుంటే ఇన్నేండ్లు నీ నోరు భరించే ఖర్మ నాకేంటికిమే?" అన్నాడు. ఆ మాటకు నా గుండె కొంచెం కుదుట పడింది.

ఆసుపత్రిలో ఆయన్ను లోపలికి పిలిచినారు. నేను గోడకు ఆనుకొని నిలబడినా. పోలీసు బీడీ కాల్చుకుంటాండాడు. లోపల ఏం చూస్తాండారో, ఇంతసేపేమిటో. ఆ గాయం గుర్తు కూడా చెరిగిపోయిందేమో, అత్త దాని మీద కూడా ఏ పసరో రుద్దిందేమో అని నా మనసు యాడయాడికో పోయింది. మంత్రాలయం స్వామికి మొక్కుకున్నా, ఎల్లమ్మకు మొక్కుకున్నా.

డాక్టరు బయటికొచ్చి పోలీసు చేతికి కాగితం ఇచ్చినాడు. "గాయం రాసినట్లే ఉంది. ఇతనే ఆ సిపాయి. అనుమానం లేదు" అన్నాడు.

నేను నేల మీద కూలబడి రెండు చేతులూ జోడించినా. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి. అప్పుడు డాక్టరు "నువ్విట్ల రామ్మా" అని పక్కకు పిలిచినాడు. మెల్లగా చెప్పినాడు. మా ఆయన కడుపు పట్టి చూసినాడంట. లివరంట, అంటే కార్జం, అది పెద్దదై గట్టిపడిందంట. ఇవి వట్టి కామెర్లు కావంట, వాతలకూ పసర్లకూ పోయేవి కావంట, ఈ ఆసుపత్రిలో దానికి మందు లేదంట. నేను అన్నిటికీ "అట్లనే సార్, మీ పుణ్యం సార్" అని తల ఊపినా. జైలుకు పంపడం లేదన్న సంతోషంలో డాక్టరు మాటలు చెవిలో పడినాయి గానీ లోపలికి దిగలేదు. 

కచ్చేరికి తిరిగిపోతే పించను చేతికొచ్చింది. ఆఫీసరు "నా పని నేను చేయాలి కదమ్మా" అని నసిగినాడు. మా ఆయన బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఆఫీసరు ఇంక తనను జన్మలో మరిచిపోడని నవ్వుకుంటా వచ్చినాడు. ఎమ్మిగనూరు దగ్గరైనప్పుడు నాకు డాక్టరు మాటలు ఒక్కొక్కటీ అర్థమవుతా వచ్చినాయి. నా చేతిలో సెంబు ఒరిగి మజ్జిగ చీర మీద పడింది. "ఇంకా యాల బెదురుతావుమే? అయిపాయ గదా" అన్నాడు. "ఏంల్యా, బస్సు కుదుపు" అన్నా.

నేను ఆయనకు చెప్పలేదు. నోరున్నదాన్ని, ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. బెంగుళూరులో మిలిటరీ ఆసుపత్రి ఉందని తెలిసి, తర్వాత నెల ఆయన్ను కచ్చేరి బయట నీడన కూర్చోబెట్టి, లోపలికి పోయి ఆ ఆఫీసరునే అడిగినా. పాపం, జాబు రాసినాడు. ఇంకో నెల, మా ఆయన్ను ముందే బస్సు కాడికి పంపి నేను పోతే, ఆఫీసరు జవాబు చదివి చెప్పినాడు. యుద్ధంలో తగిలిన గాయానికైతే చూస్తారంట, పించను దానికే కాబట్టి. కార్జం జబ్బు యుద్ధంలో వచ్చింది కాదంట, దానికి చూడరంట.

"కాలొకరిదీ కార్జమొకరిదా సార్?" అని కచ్చేరి అదిరిపోయేటట్ల అరిచినా. "మొన్న ఈయన ఆయనే అని రాసిచ్చినారు గదా, మరి మనిషంతా ఆయనే గదా!" ఆఫీసరు కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

పించను మాత్రం మనిషి ఎదురుగా వచ్చి నిలబడితేనే ఇస్తారు. అందుకని నెలనెలా పోయేవాళ్లం. నెలనెలా ఆయన తగ్గిపోతా వచ్చినాడు. చేతులు పుల్లలైనాయి, కడుపు మాత్రం ఉబ్బింది. జుట్టు నెరిసి రాలింది. అత్త పథ్యం సరిగ్గా లేదని నన్ను తిట్టేది. ఆయన "వానలు పడితే సర్దుకుంటాది" అనేవాడు. రోజూ చూసే కండ్లకు ఎంత తగ్గినాడో తెలీదంటారు. నాకు తెలిసేది. తెలిసీ ఆయన ముందర నవ్వుతా తిరిగేదాన్ని, లోపల మాత్రం ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని.

వానలు మొదలైనాక ఒక నెల జ్వరంతో పోలేకపోయినాం, ఆ జ్వరం ఆయనకు మిగిలిన రవ్వంత కండనూ తినేసింది. ఆ తర్వాత నెల బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి ఎమ్మిగనూరు తీసుకపోయినా. బస్సు కండక్టరు ఎత్తి సీటులో కూర్చోబెట్టినాడు. కచ్చేరిలో నా భుజం మీద చెయ్యేసుకొని, అడుగులో అడుగేసుకుంటా, ఆఫీసరు బల్ల ముందర నిలబడినాడు. నిలబడగలిగినందుకు ఆయన మొగంలో కొంచెం గర్వం కూడా ఉండింది.

ఆఫీసరు రాసుకుంటున్నవాడు తలెత్తినాడు. నన్ను గుర్తుపట్టి నవ్వినాడు. మర్యాదగా, నిజంగా మంచి మనసుతోనే అడిగినాడు: "ఏమ్మా, మీ ఆయన రాలేదా? ఈ పెద్దాయన ఎవరు, మీ మామగారా?"

మా ఆయన మెల్లగా తల తిప్పి నా మొగంలోకి చూసినాడు. డాక్టరు చెప్పిన మాట అంతవరకు నేను ఆయనకు చెప్పలేదు. ఇంక చెప్పే పని లేకపోయింది.