మా ఊరి నీళ్లు మంచివి కావు

నేను సివిక్స్ పాఠం చెప్పిన ఊరు చాలా మంచి ఊరు. ఈ మాట పైకి అనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అక్కడ ఉన్నంతకాలం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ ఊరి గురించి చెడుగానే చెప్పాను. నీళ్లు మంచివి కావన్నాను. ఏనుగులొస్తాయన్నాను. పొద్దు వాలితే బస్సు ఉండదన్నాను. వీటిలో ఏనుగుల సంగతి ఒక్కటే కొంచెం నిజం, అవి కూడా ఎప్పుడో ఓసారి ఒడిశా కొండల మీంచి దిగి, చెరుకు తిని వెళ్లిపోయేవి.

ఊరు పాతపట్నం దాటాక, సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉంటుంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీ, దాని ఎదురుగా బస్సుస్టాపు, ఆ పక్కనే మా పెద్దమ్మ ఇడ్లీ కొట్టు. సొంత పెద్దమ్మ కాదు, మా అమ్మ పుట్టిన ఊరి మనిషి, ఆ వరసన అలా పిలిచేదాన్ని. నేను ఆ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. కాంట్రాక్టంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. ఏటా జూన్‌లో మమ్మల్ని కొత్తగా తీసుకుంటారు. పరీక్షలైపోగానే పని అయిపోయిందంటారు. ఎండాకాలమంతా మేము ఎవరమో ప్రభుత్వానికి గుర్తుండదు. మళ్లీ కాలేజీ తెరిచాక, ఎక్కడో చూసిన ముఖాల్లా ఉన్నాయే అన్నట్టు తీసుకుంటారు.

పక్క గదిలో ఎకనామిక్స్ చెప్పే రెగ్యులర్ సార్ ఎన్ని క్లాసులు చెబితే నేనూ అన్నే చెప్పేదాన్ని. ఒకే బల్ల మీద కూర్చుని పేపర్లు దిద్దేవాళ్లం. జీతం మాత్రం ఆయనదాంట్లో నాది సగం కూడా కాదు, అదీ ఎవరికైనా గుర్తొచ్చిన నెలలో పడేది. ఆ జీతం తీసుకుంటూ పిల్లలకి ఆదేశిక సూత్రాలు బోధించాలి. సమాన పనికి సమాన వేతనం అని బోర్డు మీద రాసి, కాసేపు క్లాసు వైపు తిరగకుండా బోర్డునే చూస్తూ నిలబడేదాన్ని.

అయినా జీతం తక్కువన్న బాధ అలవాటైపోతుంది. అలవాటు కానిది బదిలీల కాలం. రెగ్యులర్ వాళ్లకి బదిలీలు పెట్టే ముందు ఖాళీల జాబితా ఒకటి బయటికొస్తుంది. అందులో మా కాలేజీ సివిక్స్ పోస్టు ఖాళీ అని ఉండేది. తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో నేను కూర్చునే ఉన్నాను. లావుపాటి మనిషిని కూడాను. అయినా కుర్చీ ఖాళీయే. రెగ్యులర్ లెక్చరర్ ఎవరైనా ఆ ఖాళీని కోరుకుంటే నేను లేచిపోవాలి. లేచి ఎక్కడికి వెళ్లాలన్నది ఏ కాగితంలోనూ ఉండదు. మా ఆయన రాజాంలో ఒక బట్టల కొట్టులో గుమాస్తా, ఆదివారాలు వచ్చి వెళ్లేవారు. ఇంటద్దె, మా పాప చదువు నా ఉద్యోగం మీదే నడిచేవి.

కాబట్టి మా ఊరు ఎవరికీ నచ్చకుండా చూసుకోవడం నాకు రెండో ఉద్యోగమైంది. కోరుకునే ముందు చాలామంది వచ్చి ఊరూ కాలేజీ చూసి వెళతారు, పెళ్లిచూపులకి వచ్చినట్టు. పిల్ల నచ్చకూడదని పిల్ల తరఫువాళ్లే మొక్కుకునే పెళ్లిచూపులు ఇవి. ఆ చుట్టుపక్కల కాలేజీల కాంట్రాక్టు వాళ్లమంతా ఫోన్లలో ఒకరికొకరం ఉప్పందించుకునేవాళ్లం. పక్క మండలంలో కెమిస్ట్రీ చెప్పే అతను, వచ్చినవాళ్లందరికీ ల్యాబ్‌లో తాచుపాముందని చెప్పి చెప్పి, చివరికి ల్యాబ్‌లోకి ఒంటరిగా వెళ్లడానికి తనే భయపడేవాడు.

నా తరఫున ఆ పని పెద్దమ్మ చూసుకునేది. బస్సు దిగిన మనిషి చంకలో బ్యాగు, చేతిలో నీళ్ల సీసా కనబడితే చాలు, ఇడ్లీ పెట్టేలోపు ఊరి పరువు మొత్తం తీసేసేది. అలా ఇద్దరు ముగ్గుర్ని వచ్చిన బస్సులోనే వెనక్కి పంపింది.

రాష్ట్రం విడిపోయాక ఒకటి రెండేళ్లకి, ఆ ఏడు బదిలీలు ఆలస్యమై వానాకాలంలో పడ్డాయి. కాలేజీ నడుస్తుండగానే ఒకాయన బస్సు దిగాడు. యాభై దాటిన మనిషి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నీళ్ల సీసా. పెద్దమ్మ వెంటనే మొదలెట్టింది.

“సివిక్స్ సారా బాబూ? ఈ ఊళ్లో ఏటున్నాదని వచ్చినారు? నీళ్లు మంచివి కావు, తాగితే మోకాళ్లు పట్టీస్తాయి. సీకటి పడితే ఏనుగులొచ్చీస్తాయి. మొన్న సెరుకు తోటంతా తొక్కీసినాయి.”

“నీళ్లు నేను తెచ్చుకుంటానమ్మా” అని ఆయన సీసా చూపించాడట. “ఏనుగులకి సివిక్స్‌తో పనేముంటుంది?” అన్నాడట. ఆఖరి అస్త్రంగా పెద్దమ్మ చట్నీలో కారం దట్టించి పెట్టింది. చాలా బాగుందని ఇంకో ప్లేటు అడిగాడు. ఆయన చెయ్యి కడుక్కునేలోపు నాకు ఫోన్ వచ్చింది.

“ఒసే, వస్తన్నాడు. మొండి మనిషి. నానేటి సెప్పినా సెవికెక్కనేదు. ఇంక నువ్వే సూసుకో.”

ప్రిన్సిపాల్ గారు ఆ రోజు శ్రీకాకుళంలో మీటింగులో ఉన్నారు. దాంతో నా కుర్చీ చూసుకోవడానికి వచ్చినాయనకి కుర్చీ వేసి కూర్చోబెట్టే భాగ్యం నాకే దక్కింది. తర్వాత కాలేజీ తిప్పి చూపించాను. వానకి కారే గది, గడియ లేని మరుగుదొడ్డి, తలుపు పడని బీరువా అన్నీ ఓపిగ్గా చూపించాను. పిల్లలూ నేనూ కలిసి సెలవుల్లో సర్దుకున్న లైబ్రరీ గది ముందు ఆగి, తాళంచెవి ఎక్కడో పోయిందన్నాను. అది నా కొంగు ముడిలోనే ఉంది.

“పిల్లలెలా ఉంటారండీ?” అని అడిగాడాయన.

“ఏం పిల్లలండీ! పొలం పనులకి పోయి, వీలైన రోజు వస్తారు. ఎంత చెప్పినా బుర్రకెక్కదు” అన్నాను. ఊరి మీద ఎన్ని అబద్ధాలు చెప్పినా నాకేమీ అనిపించేది కాదు. పిల్లల మీద చెప్పడం అదే మొదటిసారి. నోరంతా చేదెక్కింది.

అప్పుడు మేము సెకండియర్ గది గుమ్మం ముందున్నాం. ముందు బెంచీలో కొండ దిగువ ఊరి నుంచి రోజూ నడిచి వచ్చే పిల్ల కూర్చుని ఉంది. వానొచ్చినా మానేది కాదు. నా మాట విని చటుక్కున లేచింది.

“అదేటి మేడమ్, నేనెప్పుడు మానీసినాను?”

ఆయనకి సరదా పుట్టింది. లోపలికి వెళ్లి “అయితే ఆదేశిక సూత్రాలు చెప్పు చూద్దాం” అన్నాడు. నేను ఆయన వెనకాల నిలబడి కళ్లతోనే ఆ పిల్లని బతిమాలుకున్నాను. చెప్పకే తల్లీ, ఈ ఒక్క పూటా మొద్దులా నిలబడు, నీకు పుణ్యముంటుంది. ఆ పిల్ల నా చూపుని ఇంకోలా అర్థం చేసుకుంది. మేడమ్ పరువు నిలబెట్టమంటున్నారు అనుకుంది. ఊపిరి తీసుకోకుండా గడగడా చెప్పుకుపోయింది. సమాన పనికి సమాన వేతనం దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“దీనికి ఒక ఉదాహరణ?”

“ఉదారణ మా మేడమ్ సెప్పనేదండి. ఈ కాలేజీలో దొరకదు, బయటెక్కడైనా ఎతుక్కోండి అన్నారు.”

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వాడు. ఘోరమేమిటంటే నేనూ నవ్వాను. ఆ పిల్లని చూస్తే నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను, కుర్చీ పోతోందని తెలుస్తుండగానే.

బయటికి వచ్చాక ఆయన “మీరు రెగ్యులరా?” అని అడిగాడు.

“కాంట్రాక్టండీ. తొమ్మిదేళ్లయింది.”

కాసేపు గొడుగు మడతలు సరిచేసుకున్నాడు. “ఏమనుకోకండమ్మా. ఒకేచోట ఎక్కువకాలం ఉన్నానని నన్ను కదిలిస్తున్నారు. రిటైరయ్యేలోగా ఇదే ఆఖరి ఊరు. పిల్లలు ఇంత తయారుగా ఉన్నచోటైతే నాకు పెద్దగా శ్రమ ఉండదు” అన్నాడు. మర్యాదగా, బాధగానే అన్నాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంతో సుఖంగా ఉండేది, ఇంటికెళ్లి నాలుగు శాపనార్థాలు పెట్టుకునేదాన్ని.

సాయంత్రం పెద్దమ్మ నా మీద విరుచుకుపడింది. “ఒసే, ఆ గుంటల్ని అంత బాగా సదివించమని ఎవర్తి సెప్పిందే నీకు? వొళ్లు దాసుకుని నాలుగు ముక్కలు సెప్పి ఊరుకుంటే నీ కుర్సీ నీకుండును కాదేటి?” తొమ్మిదేళ్లలో నా పనితీరు మీద ఎవరైనా నోరు విప్పి ఇచ్చిన రిపోర్టు అదొక్కటే. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

ఆయన వచ్చి చేరిన రోజున నన్ను రిలీవ్ చేశారు. రెగ్యులర్ వాళ్లు వెళ్లిపోతుంటే శాలువా, దండ, సన్మాన పత్రం ఉంటాయి. ఆ పత్రాలన్నీ భాష బాగుంటుందని నా చేతే రాయించేవారు. నేను వెళ్లిపోతున్నప్పుడు రాసేవాళ్లు లేక కాబోలు, ఏమీ పెట్టలేదు. గేటు దాకా వచ్చింది ముందు బెంచీ పిల్ల ఒక్కతే. ఎవరో చెప్పినట్టున్నారు, కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“నేను సెప్పకుండా ఉండాల్సిందా మేడమ్?”

“లేదమ్మా. ఎవరడిగినా అలాగే చెప్పాలి” అన్నాను. నాకు ఏడుపొచ్చింది. బస్సు రాకపోయినా వచ్చిందని చెప్పి రోడ్డు దాటేశాను.

ఇల్లు ఖాళీ చేసి రాజాం చేరాం. పాపని అప్పటిదాకా చదివిన స్కూలు మాన్పించి దగ్గర్లో దొరికినదాంట్లో వేశాం. ఎందుకని అది ఒక్కసారి కూడా అడగలేదు, అడిగినా బాగుండేది. నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. ప్రతిచోటా మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, చూద్దామన్నారు. ఏడాది గడవబోతుండగా ఆర్డరు వచ్చింది. కళింగపట్నం వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక కాలేజీలో సివిక్స్ పోస్టు ఖాళీగా ఉంది, వెళ్లి చేరమని. ఖాళీ అన్న ఆ మాట చదివి మా ఆయన స్వీట్లు తెచ్చారు. నేనూ రెండు తిన్నాను. ఆ మాట నాకెంత బాగా తెలుసో ఆ సంతోషంలో గుర్తే రాలేదు.

ఆ ఊళ్లో బస్సు దిగగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. టీ కొట్టు అరుగు మీద ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటున్నాడు. కాలేజీ ఎటు బాబాయ్ అని అడిగాను. నా చేతిలో బ్యాగు చూశాడు.

“ఏ పాఠం సెప్తావు తల్లీ?”

“సివిక్స్.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. “ఈ ఊళ్లో ఏటుండగలవు తల్లీ? నీళ్లు మంచివి కావు, వొట్టి ఉప్పు. తుపానొస్తే ఇల్లూ వాకిలీ కొట్టుకుపోతాది. ఈ కంపుకి నీకు ముద్ద దిగదు. బస్సులా, అవీ నేవు.”

ఆ మాటలు మావే. వరస కూడా మాదే. ముందు నీళ్లు, తర్వాత ప్రాణభయం, ఆఖర్న బస్సులు. ఏనుగుల చోట తుపాను వచ్చింది, అంతే.

“ఆ నీళ్లే ఓ గ్లాసు ఇప్పించు బాబాయ్” అన్నాను. లేదనలేక, అరుగు మీది కుండలోంచి ముంచి ఇచ్చాడు. తాగాను. కొబ్బరినీళ్లలా ఉన్నాయి. ఆయన నా ముఖం వైపు చూడకుండా వలలోకి చూసుకున్నాడు.

“ఇప్పుడక్కడ సెప్తన్నాది మా గుంటే తల్లీ. మా ఇంటికల్లా అదొక్కర్తే సదివింది. గెస్టంట.”

గెస్టంటే గంటల లెక్కన కూలి. నా కింద ఇంకో మెట్టు ఉందని, దాని మీద ఒక మనిషి నిలబడి ఉందని నాకు తెలియనిదేమీ కాదు. తలుచుకోలేదు, అంతే.

కాలేజీకి వెళ్లేసరికి ఆ అమ్మాయి క్లాసులో ఉంది. సన్నగా, నూలు చీరలో, మా ముందు బెంచీ పిల్లకి అక్కలా ఉంది. పిల్లలు కళ్లార్పకుండా వింటున్నారు. గుమ్మంలో నన్నూ, నా చేతిలో ఆర్డరు కవరునీ చూసి, సగంలో ఆపి బయటికి వచ్చింది.

“మీరు రెగ్యులరా మేడమ్?”

“కాదమ్మా. కాంట్రాక్టు.” ఇన్నాళ్లూ తల దించుకుని చెప్పిన మాట. ఆ అమ్మాయి ముందు అది పెద్ద హోదాలా వినిపించి సిగ్గేసింది.

తను కవరు వైపు చూసి, మెల్లగా అంది. “ఇక్కడ ఉండగలరా మేడమ్? మా ఊరి నీళ్లు మంచివి కావు.”

తాగానమ్మా, తియ్యగా ఉన్నాయి అనొచ్చు. తిరిగి బస్సు ఎక్కేయొచ్చు కూడా. రాజాంలో మా పాప, ఏమీ అడగకుండా, ఆ స్కూలుకే వెళ్లి వస్తోంది.

“ఫర్వాలేదమ్మా” అన్నాను. “మా ఊరి నీళ్లూ మంచివి కావు.”

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. చేతిలో ఉన్న చాక్‌పీసు నా చేతిలో పెట్టింది. లోపల్నుంచి ముందు బెంచీ పిల్ల ఎవరో గట్టిగా అడిగింది.

“మేడమ్, సగంలో ఆపీసినారేటి?”

ఇద్దరం ఒకేసారి గుమ్మం వైపు కదిలాం. తను ఆగిపోయింది. నేను లోపలికి వెళ్లాను.