ముత్తయ్యను అడగడానికి కొంటా దాకా

మా ఊరి క్లబ్బులో నాకు టెన్నిస్ నేర్పింది ముత్తయ్య గారు. జీతం తీసుకుని సభ్యులతో ఆడేవాణ్ణి మార్కర్ అంటారు. ఆటే ఉద్యోగం కాబట్టి ఆయనకు పోటీల్లో పేరివ్వడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారే, మద్రాసు నుంచి వచ్చిన దొర ఒకాయన ముచ్చటపడితే, ఆ దొరతోనే జనం ముందు ఆడారు. మూడో సెట్టులో ఓడిపోయారు. కొలువు కోసం కావాలనే ఓడారని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఆ నెలలోనే ఆయన పని మానేసి, బస్తరు సంస్థానంలో ఉన్న అత్తవారి ఊరు కొంటాకు వెళ్లిపోయారు. పదేళ్లయినా ఆ అనుమానం నన్ను వదల్లేదు. నిజం ఆయన నోటే వినాలని మొన్న పుష్యమాసంలో బయలుదేరాను.

రాజమండ్రి రేవులో ఉదయం ఆరింటికి లాంచీ, టిక్కెట్టు రూపాయిన్నర. పాపికొండలు దాటి కూనవరం చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సత్రంలో పడుకుని, తెల్లవారగానే శబరిలో పడవ ఎక్కాను. మనిషికి ఆరణాలు. ఏటికి ఎదురు వెళ్లాలి కనుక పగలంతా పట్టింది.

"కొంటాల ఎవలింటికి?" అన్నాడు పడవవాడు.

"ముత్తయ్య గారింటికి."

"బంతులాట ముత్తయ్యనా? రేవు కాడ ఎవలనడిగినా చూపిస్తరు."

ముత్తయ్య గారు మిరపతోటకు నీళ్లు పెడుతున్నారు. నన్ను చూసి పార అక్కడే వదిలేసి వచ్చారు. ఆయన భార్య జొన్న గటక, చేపల పులుసు పెట్టింది. భోజనమయ్యాక అడిగేశాను.

"ఆ రోజు దొరకు ఆట వదిలేశారా?"

ఆయన మంచినీళ్ల చెంబు కింద పెట్టి నా వైపు తిరిగారు.

"గీ మాట అడగనీకే ఇంత దూరం వచ్చిన్రా బాబూ? నేను ఒక్క పాయింటు కూడ ఎవలకు ఇడిసిపెట్టలే. ఐదు-ఐదు కాడ ఆయన నా ఎడమ దిక్కే కొట్టుడు వట్టిండు. అందుకోలేకపోయిన. మంచి ఆటగాడు. నేను ఓడిన."

"మరి పని ఎందుకు మానేశారు?"

"దొర మనసు కాపాడినవని క్లబ్బు సెక్రెటరీ నాకు కోటు ఇనాం ఇయ్యవోయిండు. తీసుకోలే. ఆ పేరుతోని ఆడ ఉండబుద్ధి కాలే."

మర్నాడు పొద్దున్నే కళ్లంలో చేపలవల అడ్డంగా కట్టి, పాత రాకెట్లు రెండు తీశారు. అరవై దాటిన మనిషి. నాకు ఒక్క గేమూ రానివ్వలేదు.

ఇన్నేళ్లూ ఆయన మీద జాలిపడ్డందుకు తిరుగు పడవలో సిగ్గేసింది. మా గురువు ఓడిపోయాడు, అమ్ముడుపోలేదు. ఈ సంగతి ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను. మీరెవరైనా కొంటా వెళితే కొత్త బంతులు అరడజను పట్టుకెళ్లండి. అక్కడ దొరకవు, ఆయన దగ్గర ఉన్నవి అరిగిపోయాయి.